ఒడ్డున కూర్చున్నవారికీ పని: సెయిలింగ్ కుటుంబాలకు జెండాల వారాంతం

హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు సెయిలింగ్ నేర్పిస్తున్న ఇళ్ళవాళ్ళకు ఒక సంగతి తొందరగానే తెలిసివస్తుంది. ఆట ఒక్కరిది, ఎదురుచూపు ఇంటిల్లిపాదిది. పిల్ల పడవెక్కి వెళ్తే రెండు మూడు గంటల దాకా తిరిగి రాదు. తండ్రి చెరువు వంక చూస్తూ ఏ తెరచాప మనదో పోల్చుకునే ప్రయత్నంలో ఉంటాడు. తల్లి టిఫిన్ డబ్బాలు సర్దుతుంది. చిన్నవాడు ఫోను పట్టుకుంటాడు. అమ్మమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంకెంతసేపని అడుగుతుంది. పక్క కుర్చీలో ఇంకో ఇంటి అమ్మమ్మ ఉన్నా, ఏడాది గడిచినా ఒకరి పేరు ఒకరికి తెలియదు.

సెయిలింగ్ కుటుంబాలన్నీ కలిసి ఒక వారాంతం గడపాలంటే ముందు ఈ ఎదురుచూపు సంగతి చూడాలి. నాకు మారేడుపల్లిలో బట్టలు కుట్టే దుకాణం ఉంది. మా అమ్మాయి ఆప్టిమిస్ట్ అనే, పిల్లలు ఒక్కరే నడిపే చిన్న పడవ నడుపుతుంది. నేను పడవ నడపను. అందువల్ల ఈ వారాంతాన్ని ఒడ్డు వైపు నుంచే ఆలోచించి, మా బృందంతో చేయిస్తూ వచ్చాను. మీ ఊళ్ళో చెరువు ఉన్నా, విశాఖలోనో చెన్నైలోనో సముద్రం మీద మీ పిల్లలు నేర్చుకుంటున్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇతివృత్తం ఎంచుకోవడం

అందరికీ ముందుగా తట్టేది సముద్రపు దొంగల వేషాలు. ఒక కంటికి నల్లగుడ్డ, అట్టతో కత్తి, తలకు రుమాలు. పిల్లలకు సరదాగానే ఉంటుంది, నేను కాదనను. కాని వేషం వేసుకుని ఫోటో దిగిన తరువాత ఆ ఇతివృత్తానికి ఇక పని ఉండదు. మిగిలిన రోజున్నర మళ్ళీ కుర్చీలు, టిఫిన్ డబ్బాలే. నేను చూసేది ఒక్కటే: ఈ ఇతివృత్తం ఒడ్డున ఉన్న మనిషి చేతికి ఏదైనా పని ఇస్తుందా? ఆ పని నీళ్ళలో ఉన్న పిల్లకు నిజంగా అవసరమవుతుందా?

ఈ రెండింటికీ అవునని చెప్పగలిగేవి సంకేత జెండాలు. సెయిలింగ్ పందెంలో పడవలు ఒడ్డు మీదో పందెం నడిపే కమిటీ పడవ మీదో ఎగిరే జెండాలను చూసి నడుస్తాయి. ఎప్పుడు బయలుదేరాలి, ఎవరు వెనక్కి రావాలి, పందెం ఆగిందా, దారి తగ్గించారా అన్నీ జెండాలే చెబుతాయి. ఆ జెండా ఎగరేసే మనిషికి ఈత రానక్కరలేదు, వయసుతో పని లేదు, గంటసేపు నేర్పితే చాలు.

జెండాలు మొత్తం 40. ఇంగ్లీషు అక్షరాలకు 26, అంకెలకు 10 కోసు జెండాలు (కొన సన్నబడేవి), ఎగిరిన జెండానే మళ్ళీ చదవమనే 3 ప్రత్యామ్నాయ జెండాలు, ఒక జవాబు జెండా. ఓడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బ్రిటన్ వాణిజ్య మండలి 1857లో ప్రచురించిన సంకేతావళే వీటికి మూలం. నేటి రూపాన్ని 1965లో ఆమోదించారు, 1969 నుంచి అమల్లో ఉంది. భాష రాని నావికుడికి కూడా అర్థం కావాలన్నది దాని ఉద్దేశం. ఇంగ్లీషు చదవని మా అమ్మమ్మల చేతికి దాన్ని అప్పగించవచ్చన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

తేదీ

హైదరాబాద్‌లో సెయిలింగ్‌కు గాలి నైరుతి రుతుపవనాలతో వస్తుంది. జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు మంచి కాలం. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా అనే సెయిలింగ్ పోటీలు కూడా ఈ కాలంలోనే జరుగుతాయి కాబట్టి వాటి తేదీలు తెలుసుకున్నాకే మీ తేదీ పెట్టుకోండి. రెగట్టాకు ముందు వారం అసలు వద్దు. పిల్లల మనసంతా పోటీ మీద ఉంటుంది, కోచ్‌లకు తీరిక ఉండదు. రెగట్టా అయిపోయిన రెండో వారం బాగుంటుంది. చేతులు ఆడుతూ ఉంటాయి, గుండెల్లో దడ ఉండదు.

సికింద్రాబాద్ వైపు కుటుంబాలుంటే లష్కర్ బోనాల ఆదివారం పెట్టుకోవద్దు. దారులు మూసేస్తారు, పైగా సగం ఇళ్ళలో పండుగ. వినాయక నిమజ్జనం దగ్గరపడితే సాగర్ చుట్టూ క్రేన్లు వస్తాయి, ఆ రోజుల ఊసే వద్దు. ఏ తేదీ అయినా క్లబ్బు అనుమతి, రెస్క్యూ బోటు, దాన్ని నడిపే మనిషి, ఈ మూడూ రాతపూర్వకంగా ఖాయమయ్యాకే కుటుంబాలకు కబురు పంపండి.

కుటుంబానికో జెండా

ఎనిమిది కుటుంబాలు ఉంటే సరిగ్గా సరిపోతుంది. అంతకు మించితే రెండు కుటుంబాలకు కలిపి ఒక జెండా ఇవ్వండి. పాత కుటుంబంతో కొత్త కుటుంబాన్ని జతచేయండి. పలకరింపులు వాటంతట అవే మొదలవుతాయి.

ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని బట్టి జెండా ఇవ్వాలని అందరూ అడుగుతారు. ఒప్పుకోవద్దు. వి జెండాకు అర్థం 'నాకు సాయం కావాలి'. డబ్ల్యూ అంటే 'వైద్య సాయం కావాలి'. ఓ అంటే 'మనిషి నీళ్ళలో పడ్డాడు'. ఎన్, ఎక్స్, ఎస్, పి జెండాలకు పందెంలో గట్టి పనులున్నాయి. ఇటువంటి వాటిని అలంకారంగా ఏ ఇంటి గుడారం మీదా ఎగరేయకూడదు. ఆపద జెండాను పిల్లలు ఆటగా చూడడం అలవాటు చేసుకుంటే, నిజంగా ఎగిరిన రోజు దాన్ని పట్టించుకోరు. నేను కుటుంబాలకు ఇ, జి, కె, ఆర్, టి లాంటివి ఇస్తాను. ఆర్ జెండాకు సంకేతావళిలో ఒంటరిగా ఏ అర్థమూ లేదు. ఎర్ర గుడ్డ మీద పసుపు కూడిక గుర్తు, చూడడానికి చాలా బాగుంటుంది. దాన్ని కొత్తగా చేరిన కుటుంబానికి ఇచ్చి, వారాంతం ముగిసేలోగా దానికి ఒక అర్థం మీరే పెట్టండని చెబుతాను.

జెండా కుట్టడం

కొనుక్కోవచ్చు. కాని కుట్టించండి. రెండు వారాల ముందు ఏదో ఒక ఇంట్లో అందరూ కూర్చుని కుట్టే ఆ సాయంత్రం నుంచే వారాంతం మొదలైనట్టు.

జనరల్ బజార్‌లో గొడుగు గుడ్డ అడగండి. పలుచగా ఉంటుంది, చిన్న గాలికే లేస్తుంది, వాన పడితే తొందరగా ఆరుతుంది. నూలు పాప్లిన్ చవక అనిపిస్తుంది కాని తడిస్తే బరువెక్కి స్తంభానికి అతుక్కుపోతుంది, ఎర్రరంగు పక్కనున్న తెల్లగుడ్డ మీదికి దిగుతుంది. ఏ గుడ్డ కొన్నా దుకాణంలోనే ఒక మూల తడిపి, తెల్ల రుమాలుతో గట్టిగా రుద్ది చూడండి. రంగు వదిలితే అక్కడే పెట్టేసి రండి. కావలసినవి అయిదు రంగులే: ఎరుపు, నీలం, పసుపు, తెలుపు, నలుపు. తాడు, కొక్కేలు రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ఒడ్డు మీద ఆటలకు 45 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల పొడవు చాలు. పడవలకు కనిపించాల్సినవి దానికి రెట్టింపు ఉండాలి.

మొదట కె జెండా కుట్టించండి. సగం పసుపు, సగం నీలం, నిలువునా ఒకే అతుకు. అది వచ్చినవారికి తక్కినవి వస్తాయి. క్యూ జెండా అంతకన్నా సులువు, మొత్తం పసుపే. అంచు మడిచి కుడితే అయిపోతుంది. దాన్ని అందరికన్నా చిన్న పిల్లకు ఇవ్వండి.

పి జెండా దగ్గర కాస్త నేర్పు కావాలి. నీలం గుడ్డ మధ్యలో తెల్లని చదరం. చాలామంది తెల్ల ముక్కను ముందు వైపు అతికించి ఊరుకుంటారు. అప్పుడు వెనుక నుంచి చూస్తే అది ఉత్త నీలం గుడ్డ. ఇలా చేయండి: తెల్ల ముక్కను నీలం మీద పెట్టి చుట్టూ రెండు వరుసలు కుట్టు వేయండి. తిరగేయండి. వెనుక నీలం గుడ్డను వేళ్ళతో పైకి లాగి, తెల్లగుడ్డకు కత్తెర తగలకుండా చిన్న గాటు పెట్టి, కుట్టుకు అర సెంటీమీటరు లోపలగా చుట్టూ కత్తిరించి తీసేయండి. ఇప్పుడు రెండు వైపులా తెల్ల చదరం కనిపిస్తుంది, వెలుతురు కూడా దాటుతుంది. గొడుగు గుడ్డ కత్తిరించిన చోట పోగులు ఊడుతుంది. వెలిగించిన అగరుబత్తి కొనను అంచు వెంట తాకీ తాకనట్టు నడిపితే పోగులు కరిగి అతుక్కుంటాయి. ఆ పని పెద్దవాళ్ళే చేయాలి.

స్తంభం వైపు అంచుకు గట్టి నాడా వేసి, అందులోంచి తాడు పోనివ్వండి. పైన వేలెడు కర్రముక్క కట్టండి, కింద తాడును ఉచ్చులా వదలండి. ఒక జెండా ఉచ్చులో రెండోదాని కర్రముక్క దూరుతుంది. ఎన్ని జెండాలైనా ముడి వేయకుండా వరుసగా తగిలించవచ్చు. గాలికి కొట్టుకునే అంచును రెండు మడతలు వేసి మూడు వరుసలు కుట్టండి, జెండా చిరగడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

రెండు స్తంభాలు

ఈ ఒక్క నియమం మీద నేను ఎవరి మాటా వినను. నీళ్ళవైపు ఒక స్తంభం, వంటశాల వైపు ఒక స్తంభం. నీళ్ళవైపు స్తంభం మీద ఎగిరేది పడవలకు ఆజ్ఞ, అక్కడ ఆట జెండా ఎక్కకూడదు. ఆటల స్తంభం పడవల్లోంచి కనిపించని చోట, ఏ షెడ్డు వెనుకో ఉండాలి. ఈ తేడాను శనివారం పొద్దున్నే అందరినీ రెండు స్తంభాల దగ్గరికీ నడిపించి చూపించండి.

ఆటల స్తంభానికి మొదటి జెండా పి. రేవులో ఉన్న ఓడ మీద అది ఎగిరితే, ఓడ బయలుదేరబోతోంది, అందరూ ఎక్కండని అర్థం. ప్రతి కార్యక్రమానికీ పది నిమిషాల ముందు దాన్ని ఎగరేయండి. మైకు అక్కరలేదు, ఫోనులో సందేశాలు అక్కరలేదు. ఎగరేసే పని పదేళ్ళలోపు పిల్లలకు వంతులవారీగా ఇవ్వండి. శనివారం మధ్యాహ్నానికల్లా పెద్దవాళ్ళే తల ఎత్తి స్తంభం వంక చూడడం మొదలుపెడతారు.

పెద్దలు నడిపే ప్రారంభం

వారాంతానికంతటికీ ఇదే ఆయువుపట్టు కాబట్టి తీరిగ్గా చేయండి. పందెం ప్రారంభించే పద్ధతి ఇది. అయిదు నిమిషాల ముందు ఆ తరగతి (అంటే పందెంలో ఉన్న ఆ రకం) పడవల జెండా ఎక్కుతుంది, ఒక కూత. నాలుగు నిమిషాల ముందు పి జెండా ఎక్కుతుంది, ఒక కూత. ఒక నిమిషం ముందు పి దిగుతుంది, ఒక పొడుగు కూత. సున్నా దగ్గర తరగతి జెండా దిగుతుంది, ఒక కూత, పడవలు గీత దాటుతాయి. గీత అంటే స్తంభానికీ, నీళ్ళలో తేలే ఒక మార్కుకూ మధ్య ఊహించుకునే దారి.

దీనికి అయిదుగురు కావాలి. ఒకరు గడియారం చూసి గట్టిగా లెక్క చెబుతారు. ఇద్దరు తాళ్ళ దగ్గర, ఒక్కో జెండాకు ఒకరు. ఒకరు కూత. ఒకరు గీత వెంట కన్ను పెట్టి, ముందే దాటిన పడవ నంబరు రాస్తారు. ఈ అయిదుగురూ పడవ నడపని వాళ్ళే కావాలి. మా బృందంలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన తాతగారు ఒకరున్నారు. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం సికింద్రాబాదే కాబట్టి మీ బృందంలోనూ అటువంటివారు దొరకవచ్చు. జెండాకూ గడియారానికీ ఉన్న సంబంధం ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మొదటి గంటలోనే తక్కిన నలుగురికీ ఆయనే నేర్పారు.

పెద్దవాళ్ళు ఎక్కువగా భయపడేది కూత విషయంలో. సరైన క్షణంలో ఊదకపోతే పిల్లల పందెం పాడవుతుందేమోనని చేతులు వణుకుతాయి. వాళ్ళకు నియమం చెప్పండి: సమయాన్ని జెండాను బట్టే లెక్కిస్తారు, కూత వినిపించకపోయినా లెక్కలోకి రాదు. ఈ మాట విన్నాక స్థిమితపడతారు.

ముందు ఒడ్డు మీదే సాధన చేయించండి. నేల మీద సున్నంతో గీత గీసి, పడవ నడపని పిల్లలనూ తల్లిదండ్రులనూ పడవల్లా నడిపించండి. సున్నా దగ్గర గీత మీద ఉండాలి, ముందే దాటకూడదు, ఒకచోట నిలబడిపోకూడదు. గీత దగ్గర ఆ తోపులాట స్వయంగా పడితేగాని, నీళ్ళలో మన పిల్ల ఎందుకు వెనకబడుతుందో తెలియదు. ఆ తరువాత నీళ్ళలో నిజమైన పడవలతో నాలుగైదు ప్రారంభాలు. ఒక్కరు ముందే దాటితే ఎక్స్ జెండా, ఒక కూత. ఎవరెవరో తెలియనంతమంది దాటితే మొదటి ప్రత్యామ్నాయ జెండా, రెండు కూతలు, అందరూ వెనక్కి రావాలి. అమ్మమ్మ ఎగరేసిన ఎక్స్ చూసి మనవరాలు పడవ తిప్పుకుని మళ్ళీ గీత వెనక్కి వెళ్ళి వచ్చిందంటే, ఆ రోజు ఇంటికి వెళ్ళాక వాళ్ళిద్దరి మాటలే వేరుగా ఉంటాయి.

గాలి లేనప్పుడు

రుతుపవన కాలంలోనూ గాలి పడిపోతుంది. అప్పుడు ఎరుపు తెలుపు నిలువు చారల జవాబు జెండా ఎగరేస్తారు, పందెం వాయిదా అని అర్థం. అది దిగిన ఒక నిమిషానికి మొదటి హెచ్చరికగా తరగతి జెండా ఎక్కుతుంది. అంటే మొత్తం ఆరు నిమిషాల్లో పందెం మొదలవుతుంది. కాబట్టి వాయిదాలో ఆడించే ఆటలు ఎక్కడంటే అక్కడ వదిలేయగలిగేవి కావాలి. అంత్యాక్షరి, అష్టాచమ్మా మంచివి. కబడ్డీ వద్దు, చెమటలు పట్టి దెబ్బలు తగిలించుకుంటారు.

వర్గాక్షరాల వేట

శనివారం సాయంత్రానికి ఇది పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాల జెండాలతో తెలుగు మాటలు పంపడం కుదరదు కాబట్టి అంకెల కోసు జెండాలతో మేము ఒక పద్ధతి కట్టుకున్నాం. క-వర్గానికి 1, చ-వర్గానికి 2, ట-వర్గానికి 3, త-వర్గానికి 4, ప-వర్గానికి 5. య ర ల వ శ ష స హ ళ వరుసకు 6. మొదటి జెండా వర్గం చెబుతుంది, రెండోది ఆ వర్గంలో ఎన్నో అక్షరమో చెబుతుంది. 'పడవ' పంపాలంటే 5-1, 3-3, 6-4. అక్షరానికి ఒకసారి ఎగరేసి దించాలి.

ఇక్కడ 3-3 దగ్గర పిల్లలు ఆగిపోతారు. 3వ అంకె జెండా ఒక్కటే ఉంది మరి. ప్రత్యామ్నాయ జెండాలు పుట్టినదే ఇందుకు. మొదటి ప్రత్యామ్నాయం పైనున్న మొదటి జెండాను మళ్ళీ చదవమంటుంది, రెండోది రెండో జెండాను, మూడోది మూడో జెండాను. కాబట్టి 'డ' అంటే 3వ జెండా, దాని కింద మొదటి ప్రత్యామ్నాయం. మధ్యాహ్నం అదే జెండా అందరినీ వెనక్కి పిలిచింది, సాయంత్రం అదే జెండా అక్షరాన్ని రెట్టిస్తోంది. ఆ తేడా పిల్లలే పట్టుకుంటారు, మీరు ముందుగా చెప్పేయకండి.

గుణింతాలకు మూడో జెండా. దీర్ఘానికి 1, గుడికి 2, గుడిదీర్ఘానికి 3, కొమ్ముకు 4, కొమ్ముదీర్ఘానికి 5. 'గాలి' అంటే 1, 3, మొదటి ప్రత్యామ్నాయం. తరువాత 6, 3, 2. ఒత్తులున్న మాటల జోలికి పోవద్దు. వల, వడ, తాడు, నీరు, గడప, పలక వంటివి చాలు. ఒక్కో మాట తరువాతి చోటును చెప్పాలి. 'వల' అంటే వాలీబాల్ వల దగ్గర, 'గడప' అంటే క్లబ్బు గుమ్మం దగ్గర తరువాతి సంకేతం ఉంటుంది. జట్టులో పడవ నడిపే పిల్ల ఒకరు, బడికి ఇంకా వెళ్ళని చిన్నవాళ్ళు ఒకరు, పెద్దబాలశిక్ష చదువుకున్న పెద్దవారు ఒకరు ఉండేలా చూడండి. వర్గాలను గడగడా వరుసగా చెప్పగలిగేది ఆ పెద్దవారే. అమెరికాలో ఉంటూ సెలవులకు వచ్చే మనవలున్న ఇళ్ళకు ఈ వేట చాలా నచ్చుతుంది.

తిండి, నీళ్ళు

సాగర్‌లోకి నగరపు నాలాలు వచ్చి కలుస్తాయి. ఈ మాట దాచకుండా అందరికీ చెప్పండి. చేతికో కాలికో పచ్చి గాయం ఉన్న పిల్లను ఆ రోజు పడవ ఎక్కించవద్దు. నీళ్ళలోంచి వచ్చినవారు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే తిండి. ఈ నియమాన్ని అరిచి అమలు చేసే పని లేకుండా క్యూ జెండా ఉంది. బయటి దేశం నుంచి వచ్చిన ఓడ దాన్ని ఎగరేస్తే, మా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతించండని అడిగినట్టు. చిన్న పసుపు జెండాలు ఒక బుట్టలో వేసి స్నానాల గది బయట పెట్టండి. స్నానం అయిన పిల్ల ఒకటి తీసుకుని భోజనాల గుమ్మం దగ్గరికి రావాలి. అక్కడ కూర్చున్న తాతమ్మ చేతులు, గోళ్ళు చూసి జెండా తీసుకుని లోపలికి పంపుతుంది. జెండా లేకపోతే అన్నం లేదు, కోచ్‌కైనా సరే.

పొద్దున్న ఇడ్లీ గాని అటుకుల ఉప్మా గాని పెట్టండి. నూనె పూరీలు తిని పడవ ఎక్కితే అలల మీద కడుపు తిప్పుతుంది. రెస్క్యూ బోటులో అరటిపళ్ళు, మజ్జిగ, మంచినీళ్ళు ఉండాలి. మధ్యాహ్నానికి పులిహోర, దద్దోజనం, ఒక కూర. పందెం వాయిదాలను బట్టి భోజనం గంట అటూ ఇటూ అవుతుంది కాబట్టి చల్లారినా రుచి పోనివే వండాలి. బిర్యానీ ఆదివారం మధ్యాహ్నం, పడవలన్నీ ఒడ్డుకు చేరాక. ఏ ఇల్లు ఏది తెచ్చిందో ఆ గిన్నె పక్కన ఆ ఇంటి జెండా నిలబెట్టండి. గోంగూర ఎవరిదని అడుగుతూ జి జెండా వారిని వెతుక్కుంటూ వెళ్తారు. జెండాల రంగుల్లో మిఠాయిలు చేయిద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆ రంగులు పిల్లల కడుపులోకి వద్దని నేను గట్టిగా చెబుతాను.

జాగ్రత్తలు

జెట్టీ మీదికి అడుగుపెట్టే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఫోటో కోసం వచ్చిన మేనమామకైనా. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేస్తే అది ఆ మనిషి కొలతది కాదు. పందెం ముందు వై జెండా ఎగరేస్తే నీళ్ళలో అందరూ జాకెట్ వేసుకుని తీరాలని నియమం. మా దగ్గర అది పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగదు.

జెట్టీ దగ్గర ఒక పలక మీద మేకులు కొట్టి, పిల్లల పేర్ల బిళ్ళలు తగిలించండి. వెళ్ళేటప్పుడు బిళ్ళ తిప్పాలి, వచ్చాక మళ్ళీ తిప్పాలి. ఆ పలక దగ్గర ఒకే మనిషి కూర్చోవాలి. ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు, టీ కూడా అక్కడికే తెచ్చివ్వాలి.

మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పడవలన్నీ ఒడ్డుకు రావాలి. ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాల వరకు మళ్ళీ దిగకూడదు. స్తంభాల దగ్గరున్న పెద్దవాళ్ళు కూడా లోపలికి వెళ్ళాలి.

ఆదివారం

ఆదివారం పొద్దున సందేశ పందెం. నీళ్ళలో మూడు మార్కులకు 1, 2, 3 అని పేర్లు పెట్టండి. తరగతి జెండా దిగిన క్షణంలోనే 2-1-3 అనో 3-1-2 అనో మూడు అంకె జెండాలు ఎగరేయండి. ఆ వరుసలో మార్కులు చుట్టి రావాలి. వేగంగా నడిపే పిల్ల తొందరలో తప్పు చదువుతుంది. నెమ్మదిగా నడిపే పిల్ల సరిగ్గా చదివి గెలుస్తుంది. ఎప్పుడూ చివర వచ్చే పిల్లలు మొదట వచ్చే పందెం ఇది, అందుకే నేను దీన్ని ఏ కారణానికీ తీసేయను. గెలిచిన పిల్లకు కప్పు బదులు ఆ రోజు ఎగిరిన ఒక జెండా ఇవ్వండి, వెనుక అందరి సంతకాలతో.

ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. పదిహేనేళ్ళ దాకా పిల్లలు నడిపేది, ఒక్కరే పట్టే పడవ. తల్లిదండ్రులు అందులో ఎక్కుతామంటే ఒప్పుకోవద్దు. వాళ్ళకోసం క్లబ్బులో పెద్ద పడవ ఉంటే, కోచ్‌తో పాటు ముగ్గురేసి చొప్పున అరగంట తిప్పించండి. ఆ అరగంటలో చుక్కాని పట్టుకోవలసింది తల్లి, ఎటు తిప్పాలో చెప్పవలసింది పిల్ల. ఇంట్లో ఎప్పుడూ తల్లి మాటే వినే పిల్ల అక్కడ ఎంత ఓపికగా చెబుతుందో చూడాలి. నేను పెద్దల కోసం ఏర్పాటు చేసినవాటిలో అందరూ మళ్ళీ మళ్ళీ అడిగింది ఇదే.

సాయంత్రం వెళ్ళేముందు అన్ని జెండాలనూ ఒకే తాడుకు కట్టి రెండు స్తంభాల మధ్య వేలాడదీయండి. అక్షరాల జెండాల మధ్యలో కోసు జెండాలు కలుపుతూ వెళ్ళండి, పొరపాటున ఏ సందేశమూ కుదరకుండా. ఆర్ జెండా కుటుంబం తాము పెట్టిన అర్థం చెప్పాల్సింది అప్పుడే.

తరువాత జెండాలన్నీ మంచినీళ్ళలో సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి, ఎండకు ఎరుపు తొందరగా వెలుస్తుంది. ఆరాక చుట్టలుగా చుట్టి, ఒక్కోదానికి అక్షరం రాసిన చీటీ కట్టి, పెట్టెలో అక్షరక్రమంలో పెట్టండి. చిరిగినవి నాలాగా కుట్టుమిషను ఉన్నవారి ఇంటికి, పెట్టె మాత్రం వచ్చే ఏడు వారాంతం నిర్వహించే కుటుంబం ఇంటికి. ఆ కుటుంబం ఏదో ఆదివారం బిర్యానీ దగ్గరే తేల్చుకోండి, ఇళ్ళకు వెళ్ళాక తేలదు.